నలభై ఒక్క ఊఁలు

అసైన్‌మెంట్ ఇదీ:
ఇరవై నిమిషాల సంభాషణ రికార్డు చేసి
ఉన్నదున్నట్టు రాసుకు రావాలి.
దగ్గితే దగ్గు, నిట్టూరిస్తే నిట్టూర్పు,
మౌనాన్ని సెకన్లలో.

రోనాకి పాపను చూసేవాళ్లు లేరు,
మా ఆయనేమో ఓడ మీద,
అందుకని మా వంటింట్లోనే కూర్చున్నాం.
ఆమె క్లయింటు, నేను కౌన్సిలర్.
వచ్చేవారం తారుమారు.
పాప సోఫాలో నిద్ర.
మధ్యలో బల్ల మీద ఫోను,
దాని కింద పొద్దుటి జామ్ మరక.

ఇప్పుడు రాత్రి పదకొండు.
ఫిష్‌గార్డ్ రేవులో గాలి ఎక్కువైంది,
ఐర్లాండ్ ఓడ ఆలస్యం అని మెసేజ్.
ఇల్టుడ్ వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది.
చెవుల్లో నా గొంతే పెట్టుకుని
ఆపి, వెనక్కి జరిపి, రాసి, మళ్లీ ఆపి.

ఈ గొంతు నాకు నచ్చదు,
పంతులమ్మ గొంతులో తేనె కలిపినట్టుంది.
రోనా వాళ్ల నాన్న గురించి చెబుతోంది.
గొర్రెల్ని కాసే కుక్కలన్నిటినీ పేరుపేరునా పిలిచే మనిషి
తనని మాత్రం "ఏయ్" అనేవాడట.
నేను: ఊఁ.
రోనా: అదేం పెద్ద విషయం కాదులే.
నేను: ఊఁ.

లెక్కపెట్టాను. నలభై ఒక్కటి.
కొన్ని తలుపు తీసి పట్టుకున్నవి,
కొన్ని ఊరికే గుమ్మానికి అడ్డం నిలబడ్డవి.
పదిహేడోది పచ్చి అబద్ధం.
అప్పుడు నేను ఓవెన్‌లో చేప మాడుతోందా అని
వాసన పడుతున్నాను.

మబ్లికి ఎనిమిదేళ్లు. దాన్ని మోసం చేయలేం.
మొన్న తడిజుట్టు దువ్వుతుంటే
స్నేహితురాలు ఏమందో చెబుతూ చెబుతూ ఆగిపోయింది.
"అది కాలేజీ ఊఁ. నాకు మామూలుది కావాలి."
మామూలుది ఎలా ఉంటుందే?
"ఛీ, అలా అందా! అంటావు కదా. అది."

తీర్పు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు,
అంటుంది మా ఎనిడ్ మేడమ్.
పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా
నా నోట ఆ రెండు తప్ప ఏం రావు.
కోటు వేసుకో. తమ్ముణ్ణి అలా అనకు. పాలు, పాలు.
ఒకసారి ఇల్టుడ్‌ని అడిగి చూశాను,
"ఇప్పుడు నీకేమనిపిస్తోంది?"
ఆకలిగా అనిపిస్తోందన్నాడు.

పదకొండో నిమిషం.
రోనా గొంతు అంచుకి వచ్చింది,
ఇంకొక్క ఊపిరి తీస్తే ఏడుపే.
సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడు.

గ్విలిమ్: అమ్మా, నా రెండో మేజోడు ఏది?

ఇది రాయాలా?
ఉన్నదున్నట్టు అంది కదా.
రాశాను.

నేను: (తొమ్మిది సెకన్ల మౌనం)

ఆ తొమ్మిది సెకన్లూ ఆరుసార్లు విన్నాను.
ఫ్రిజ్ గురక. రోనా ముక్కు ఎగబీల్చడం.
మేజోడు ఎక్కడుందో నాకు తెలుసు,
ఆరేసింది కాస్తా రేడియేటర్ వెనక పడింది.
రోనా ఎక్కడుందో కూడా తెలుసు,
పొలం గేటు దగ్గర, ఇంత పిల్లగా.
ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.
నేను ఒక్కరికీ ఊఁ అనలేదు.

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.
నేను కాదు లేచింది. రోనా.
వెనకాలకి చెయ్యి దూర్చి తీసి, దులిపి,
"ఇదిగో, గ్విలిమ్" అంది.
పేరు పెట్టి.
కూర్చున్నాక ఏడ్చింది.

కింద ఒక ప్రశ్న ఉంది:
ఈ ఘట్టంలో కౌన్సిలర్ ఇంకేం చేసి ఉండొచ్చు?
మూడు వందల మాటల్లో. రేపటికి.
కలం మూత నమలడం తప్ప ఏం చేయలేదు.

గోడ మీద కారు వెలుగు పాకి పోయింది.
నడవాలో బూట్లు విప్పుతూ ఇల్టుడ్ ఏదో అంటున్నాడు,
గాలి గురించో, డెక్కు మీద ఎవరి గురించో.
ఒక చెవిది తీశాను.
రెండోదీ తీశాను.
"ఏంటీ? వినలేదు. మొదట్నుంచీ చెప్పు."